పొయ్యిలో కట్టె ఉచితం కాదు

(మన సంఘం ఏరియా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది ఎరువుల గురించో, గిట్టుబాటు ధర గురించో కాదు. పొయ్యి గురించి. రైతు సంఘం సభలో పొయ్యి ముచ్చటేమిటని వెనక వరసలో ఒకరిద్దరు నవ్వుతున్నారు. నవ్వండి, ఇబ్బంది లేదు. కానీ నెల తిరిగేసరికి ఇంట్లో చేతినుంచి జారిపోయే డబ్బులో గ్యాసుకెంత, కరెంటుకెంత, బండిలో పెట్రోలుకెంత అని లెక్కేస్తే ఆ నవ్వు ఆగుతుంది. పొలానికి పెట్టుబడి తెచ్చేదీ, ఇంటికి ఇంధనం కొనేదీ ఒకే జేబులోంచి.

ఈ మధ్య సభ్యత్వం కోసం ఊళ్లు తిరిగినప్పుడు ప్రతిచోటా ఒకే మాట విన్నాం: "పాత రోజులే మేలు. కట్టెల పొయ్యి, రోలు, తిరగలి ఉంటే ఎవడి దయా అక్కర్లేదు." ఫోన్లు తెరిచినా అదే. మట్టిపొయ్యి మీద కుండలో చేపల పులుసు, రోట్లో పచ్చడి, పక్కన పెద్దావిడ నవ్వుతూ కూర్చుని ఉంటుంది. లక్షలమంది చూస్తారు. హైవే మీద హోటలువాడు "కట్టెల పొయ్యి భోజనం" అని బోర్డు పెట్టి మామూలు రేటుకు యాభై ఎక్కువ తీసుకుంటాడు. బస్తీల్లో గానుగ నూనె, దంపుడు బియ్యం, తిరగలి పిండి అని సంచుల మీద అచ్చేసి అమ్ముతున్నారు. ఆ వేరుశెనగ పండించిన మనకు మద్దతు ధర రాదు గానీ, దాన్ని కట్టె గానుగలో వేశామని చెప్పినవాడికి మాత్రం రెట్టింపు ధర వస్తుంది. ఇదొక విచిత్రం.

మన ఊళ్లలో పాత పద్ధతి అంటే వేరు. వంటింటి మూలన ఎర్ర సిలిండరు ఉంటుంది. దాని మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డ మీద పచ్చడి జాడీ పెట్టి ఉంటుంది. అంటే అది ఖాళీ. వెనక వసారాలో మూడు రాళ్లు, పక్కన కంది కంప మోపు. చుట్టాలొస్తేనో, పిల్లకు పాలు కాచాల్సివస్తేనో స్టవ్వు. రోజూ అన్నం, కూర, వేడినీళ్లు మాత్రం రాళ్ల మీదే. ఇష్టపడి పాత పద్ధతికి పోయినవాళ్లు కాదు వీళ్లు. ధర తోస్తే పోయినవాళ్లు.

ఈ తోసిన తీరు ఒకసారి గుర్తు చేసుకుందాం. ఉమ్మడి రాష్ట్రంలో 1999లో దీపం పథకం పెట్టి మహిళా సంఘాల వాళ్లకు గ్యాసు కనెక్షన్లు ఇచ్చారు. 2016 మే 1న ఉజ్వల మొదలైంది. పొగ నుంచి ఆడవాళ్లకు విముక్తి అన్నారు. మంచిదే, మనమెవరమూ కాదనలేదు. స్టవ్వు చేతికొచ్చింది, అలవాటు పడ్డాం. తర్వాత నడిచిన కథ చూడండి. 2014 మొదట్లో ఢిల్లీలో సబ్సిడీ సిలిండరు 410 రూపాయల చిల్లర. 2015 జనవరి నుంచి సబ్సిడీని బ్యాంకు ఖాతాలో వేస్తాం, ముందు పూర్తి ధర కట్టండి అన్నారు. 2020 మే నుంచి ఆ ఖాతాలో పడేదీ చాలామందికి ఆగిపోయింది. 2023 మార్చి నాటికి అదే సిలిండరు ఢిల్లీలో 1103, హైదరాబాదులో 1155. ఎన్నికల ముందు 2023 ఆగస్టు ఆఖర్లో 200 తగ్గించారు, 2024 మార్చిలో ఇంకో 100 తగ్గించారు. ఎన్నికలయ్యాయి, 2025 ఏప్రిల్‌లో మళ్లీ 50 పెంచారు. ఉజ్వల వాళ్లకు 300 సబ్సిడీ ఉంది, నిజమే. కానీ ఏడాదికి 12 సిలిండర్లకు ఇచ్చేదాన్ని 2025-26లో 9కి కుదించారు. 2024-25లో ఉజ్వల కుటుంబం సగటున ఏడాదికి వాడింది నాలుగున్నర సిలిండర్ల లోపే. తొమ్మిదీ వాడటంలేదు కదా, కోత పెడితే ఏమైంది అనొచ్చు. ఎందుకు వాడటంలేదో అడగాల్సింది పోయి, వాడటంలేదు కాబట్టి కోస్తామంటే ఎట్లా?

మన రాష్ట్రంలో 2024 దీపావళి నుంచి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమంటున్నారు. వచ్చినవాళ్లకు అది మేలే. అయితే ముందు డబ్బు కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుంది. ఆ ముందు కట్టే తొమ్మిది వందలే చాలా ఇళ్లలో లేనిది. కూలి వారానికోసారి చేతికొచ్చే ఇంట్లో, కౌలు కట్టాల్సిన నెలలో, తొమ్మిది వందలు ఒక్కసారిగా తియ్యడమంటే చిన్న విషయం కాదు. పైగా కొండ కిందున్న ఊళ్లకు బండి రాదు. వచ్చినా రసీదులో లేని ముప్పయ్యో యాభయ్యో అదనంగా ఇవ్వాల్సిందే. మూడు అయిపోయాక మిగతా నెలలు ఎవరి తిప్పలు వాళ్లవి. తెలంగాణలో 500 రూపాయలకే సిలిండరని 2024 ఫిబ్రవరి నుంచి ఇస్తున్నారు, అక్కడా ముందు పూర్తి డబ్బు కట్టి, తర్వాత తేడా కోసం ఎదురుచూడటమే.

ఇప్పుడు అసలు లెక్కలోకొద్దాం. కట్టె ఉచితమని మనవాళ్లే అంటారు. ఉచితమో కాదో చూద్దాం.

సిలిండర్లో ఉండేది 14.2 కిలోల గ్యాసు. స్టవ్వు మీద దాని వేడిలో సగానికి పైగా గిన్నెకు చేరుతుంది. మూడు రాళ్ల పొయ్యిలో కట్టె వేడి చాలావరకు గాలికి, గోడలకు, మన ముఖాలకు పోతుంది. పదోవంతో, గాలి లేని చోట ఇంకాస్త ఎక్కువో గిన్నెకు తగులుతుంది. ఆ లెక్కన ఒక సిలిండరు చేసే పని రాళ్ల పొయ్యి మీద చేయాలంటే సుమారు 200 కిలోల ఎండు కట్టె కావాలి. ఆడమనిషి నెత్తిన పెట్టుకు మోసే మోపు ఇరవై కిలోలు అనుకుందాం. అంటే పది మోపులు. పోను రాను, కంప కొట్టను, కట్టను కలిపి ఒక్కో మోపుకు నాలుగు గంటలు. మొత్తం నలభై గంటలు, అంటే అయిదు రోజుల పని. ఉపాధి హామీలో 2025-26కు మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు. అయిదు రోజులకు 1535. ఆ ఏడాది సిలిండరు సుమారు తొమ్మిది వందలు. చెప్పండి, ఏది చౌక?

కట్టె చౌకగా కనబడేది ఎందుకంటే, ఆ 1535 రూపాయలు ఎవరి చేతికీ పోవు కాబట్టి. ఆడవాళ్ల ఒంట్లోంచి పోతాయి. ఆ ఖాతాకు రసీదు లేదు. గ్యాసు ధర పెరిగిన ప్రతిసారీ ప్రభుత్వం ఆదా చేసుకున్న సొమ్ము మన ఇంటి ఆడవాళ్ల నడుముల మీద అప్పుగా రాసినట్టే. ఇది మనం ఒప్పుకోకూడదు. మీలో ఎవరికైనా ఈ లెక్క ఎక్కువ తక్కువ అనిపిస్తే మోపు తూచి చూడండి. గడియారం పెట్టుకుని చూడండి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి, తేడా పెద్దగా రాదు.

ఒక ఊళ్లో సమావేశం పెడితే పెద్దావిడ ఒకామె లేచింది. "మా అత్త కాలంలో ఇంట్లో ఆరు గొడ్లు. వాకిట్లో పేడకుప్ప, గోడ నిండా పిడకలు. ఇప్పుడు నాకు ఒక్క గొడ్డూ లేదు. పాత పద్ధతి, పాత పద్ధతి అంటారే, పిడక యాడనుంచి తెచ్చేదయ్యా?" అంది. ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు.

పాత పద్ధతులంటే రోలూ రోకలీ మాత్రమే కాదు. వాటి వెనక ఒక వ్యవస్థ ఉండేది. ఇంట్లో ఎద్దులు, గేదెలు ఉండేవి. ఊరికి డొంకలు, పోరంబోకు, చెరువు గట్టు మీద తుమ్మలు, వాగు ఒడ్డున కానుగలు ఉండేవి. ఎవరైనా ఎండు కొమ్మ విరుచుకోవచ్చు. పొలం గట్ల మీద చెట్లుండేవి. జొన్న చొప్ప, కంది కట్టె, ఆముదం కట్టె ఇంటికొచ్చేవి. ఉమ్మడి కుటుంబంలో నలుగురు కోడళ్లుంటే ఒకరు దంచుతుంటే ఒకరు చెరిగేవారు. ఇప్పుడు దుక్కి ట్రాక్టరుది, కోత మిషనుది. ఎద్దులు అమ్మేశాం. మేత భూమి లేక, పచ్చిక లేక గేదెలు తగ్గాయి. డొంకలు కలిపేసుకున్నారు. పోరంబోకు ఎవరి పేరు మీద ఎక్కిందో అడగకపోవడమే మంచిది. చెరువు గట్టు మీది తుమ్మలు పూడికతీతలో పోయాయి. మిగిలింది సర్కారు కంప. ముళ్లు గుచ్చుకుంటే వారం రోజులు చెయ్యి వాస్తుంది. దాన్నీ బొగ్గు బట్టీలవాళ్లు గుత్తకు తీసుకుని కొట్టించుకుపోతున్నారు.

మన ప్రాంతపు విచిత్రం ఇంకొకటుంది. కట్టె ఇక్కడ లేక కాదు. ఎకరాలకు ఎకరాలు సుబాబుల్, జామాయిల్ వేశాం. ఆ కర్ర కాగితం మిల్లులకు పోతుంది, అదీ వాళ్లు చెప్పిన రేటుకు. కొట్టాక మిగిలిన కొమ్మా రెమ్మా ఏరుకునేందుకు కూలీలు పొద్దున్నే పోటీ పడతారు. పొగాకు బ్యారన్లున్న ఊళ్లలో అయితే కిలో ఆకు కాల్చడానికి నాలుగైదు కిలోల కట్టె పోతుంది. లారీలకు లారీలు దిగుతాయి. మంచి మొద్దు బ్యారనుకు, నిటారు కర్ర మిల్లుకు, మన పొయ్యికి పుల్లలు. చెట్టు పెంచిన రైతు ఇంట్లోనే పొయ్యికి కట్టె కరువు.

పత్తి కట్టె ఉంది కదా అంటారు. ఉంది. పత్తి పండే ఊళ్లలో రెండు మూడు నెలలు అదే దిక్కు. కానీ అందులో ఒక చిక్కుంది. గులాబీ రంగు పురుగు ఆ కట్టెలో, ఎండిన కాయల్లో దాక్కుని మళ్లీ పైరు మీదకు వస్తుంది కాబట్టి, కట్టెను ఇంటి దగ్గర కుప్పేసి దాచుకోవద్దని వ్యవసాయశాఖ వాళ్లు ఏటా చెబుతారు. చెప్పేది నిజమే. కుప్ప ఉంచుకుంటే పురుగు, తీసేస్తే పొయ్యి ఆరిపోతుంది. చాలామంది చేనులోనే తగలబెట్టేస్తున్నారు. దాచుకోవాల్సి వస్తే ముందు ఎండు కాయలన్నీ ఏరి కాల్చేసి, కట్టెను చేనుకు దూరంగా పెట్టి, తొలకరి లోపు వాడేయండి. పంట పొడుగునా మందులు కొట్టిన కట్టె అది, మూసిన గదిలో మాత్రం కాల్చకండి. ఆ పొగ పసిపిల్లల దగ్గరకు పోనియ్యకండి.

పొగ ముచ్చట వచ్చింది కాబట్టి ఒక మాట. ఇళ్లలో వంట పొగ వల్ల ప్రపంచంలో 2020లో 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన పెద్దవాళ్ల దగ్గు, కళ్లలో పొరలు, ఆయాసం ఆ లెక్కలోవే. పొయ్యి ముందు ముప్పయ్యేళ్లు కూర్చున్న ఆవిడ చుట్ట కాల్చకపోయినా చుట్ట కాల్చినవాడి ఊపిరితిత్తులతోనే ఆస్పత్రికి పోతుంది. అందుకని ఫోన్లో వీడియోలు చూసి కట్టెల పొయ్యి ఆరోగ్యం అనేవాళ్లను రెండు పూటలు కూర్చోబెట్టి ఊదుగొట్టం చేతికివ్వండి. తర్వాత మాట్లాడదాం.

1980ల్లో పొగలేని పొయ్యిలని ప్రభుత్వం ఊరూరా కట్టించింది. పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఆలోచన మంచిది. గొట్టం పైకి పోతుంది, పొగ బయటకు పోతుంది. కానీ లెక్క కోసం కట్టారు. ఇంటావిడ గిన్నె ఎంత, పొయ్యి ఎత్తెంత అని అడిగినవాళ్లు లేరు. గొట్టం మసితో మూసుకుపోతే ఎట్లా తీయాలో చూపించినవాళ్లూ లేరు. రెండేళ్లకు దానిమీద చాటలు పెట్టుకున్నారు.

ఇంతసేపూ పాతవాటి మీద విసిరాం కదా, అయితే అన్నీ పారెయ్యమంటున్నామా? కాదు. పాతవాటిలో రెండు రకాలున్నాయి. ఒంటిని అరగదీసేవి కొన్ని, తెలివితో మంటను పొదుపు చేసేవి కొన్ని. రెండో రకాన్ని మనం వదులుకోకూడదు. వాటికి పథకం అక్కర్లేదు, దరఖాస్తు అక్కర్లేదు.

కందిపప్పు, శెనగలు, అలసందలు నానబెట్టి వండటం మనవాళ్లకు కొత్త కాదు. గంటో రెండు గంటలో నానితే ఉడికే సమయం బాగా తగ్గుతుంది, శెనగలకైతే రాత్రంతా. మూత పెట్టి వండటం చిన్న విషయంలా కనబడుతుంది గానీ, మూతలేని గిన్నె గ్యాసును ఊరికే ఆవిరి చేస్తుంది. అన్నం ఎసరు పోసి రెండు పొంగులు రాగానే మూత బిగించి దించి, వరిగడ్డి పరిచిన గంపలో పెట్టి పైన గోనెపట్టా కప్పి అరగంట వదిలెయ్యండి. అన్నం తనంతట తానే మగ్గుతుంది. రెండు పూటలు చూస్తే నీళ్ల కొలత తెలుస్తుంది. పప్పుకు ఇది అంత బాగా రాదు, కుక్కరే మేలు. కుక్కరు కొత్తదే కావచ్చు, మంట పొదుపులో మాత్రం దాన్ని మించింది ఇంట్లో లేదు. అట్లాగే మట్టికుండ రుచి అందరికీ ఇష్టమే కానీ, స్టవ్వు మీద కుండ పెడితే అది వేడెక్కేలోపు గ్యాసు తాగేస్తుంది. కుండ నిప్పుల మీద మగ్గడానికి చేసింది. దాని చోటు దానిది.

దాలి గుర్తుందా? వాకిట్లో చిన్న గుంట, అందులో పిడక రాజుకుంటూ ఉండేది, పైన పాలకుండ. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పాలు ఎర్రగా కాగి, మీగడ అరంగుళం కట్టేది. గేదె ఉన్న ఇంట్లో ఇప్పటికీ రెండు పిడకలతో అయ్యే పని అది. బయట, ఆరుబయట కాబట్టి పొగ ఇంట్లోకి రాదు. చలికాలం స్నానాల నీళ్లకు నల్లరంగు పూసిన డ్రమ్ము ఎండలో పెట్టుకుంటే సాయంత్రానికి గోరువెచ్చనవుతాయి. మన ఎండకు అది పెద్ద సంగతి కాదు. కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, విత్తనాలకు బూడిద, వేపాకు కలిపి దాచడం, ఒరుగులు ఎండబెట్టడం వంటివన్నీ సూర్యుడి ఖర్చుతో జరిగేవి. చెయ్యండి, పిల్లలకు నేర్పండి. తిరగలి, రోకలి సంగతి మాత్రం మేము గట్టిగా చెప్పం. రోట్లో పచ్చడి నూరుకుంటే రుచి, సరే. అయిదుగురున్న ఇంటికి రోజూ పిండి తిరగలి తిప్పమనడం, బియ్యం దంచమనడం, అట్లా చెప్పేవాడు ముందు తను తిప్పాలి.

గోబర్ గ్యాసు గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. పాత కొత్తల మధ్య నిజంగా మనకు పనికొచ్చేది ఇదే అని మా నమ్మకం. పిడక కాలిస్తే అందులోని నత్రజని గాలికి పోతుంది, బూడిద మిగులుతుంది. అదే పేడను గ్యాసు తొట్టిలో వేస్తే మంట వస్తుంది, నత్రజని మడ్డిలో నిలుస్తుంది, మడ్డి పొలానికి పోతుంది. ఒక పేడతో రెండు పనులు. రెండు ఘనపు మీటర్ల తొట్టికి రోజుకు 50 కిలోల పేడ, అంతే నీళ్లు కావాలి. బాగా నడిస్తే నెలకు రెండు సిలిండర్లకు కాస్త తక్కువ గ్యాసు వస్తుంది. అయిదారుగురి ఇంటికి అది చాలుతుంది, ఇంకా మిగులుతుంది. చలికాలం మాత్రం గ్యాసు తగ్గుతుంది. ముందే తెలుసుకుంటే బాధ ఉండదు.

1980ల నుంచి ఇవి కట్టారు. ఇనుప డోము పైకీ కిందికీ తేలే రకం ఒకటి, ఇటుకతో గుండ్రంగా భూమిలో కట్టే దీనబంధు రకం ఒకటి. 1984లో వచ్చిన ఈ రెండో రకం చౌక. మన ఊళ్లలో చాలా తొట్లు ఇప్పుడు చెత్తకుండీలు. ఎందుకు పాడయ్యాయని ఇంటింటికీ అడిగితే సమాధానాలు దాదాపు ఒకటే. ఇనుప డోము తుప్పు పట్టింది, బాగుచేసేవాడు లేడు. ఇటుక డోముకు చీలిక వచ్చింది, మేస్త్రీకి ఆ పని తెలియదు. ట్రాక్టరొచ్చాక ఎద్దులమ్మాం, పేడ చాలలేదు. అంతలో సిలిండరు వచ్చింది, ఎవరూ పట్టించుకోలేదు. ఇందులో తొట్టి తప్పు ఒక్కటీ లేదు. మేస్త్రీ లేకపోవడం, గొడ్లు లేకపోవడమే కారణాలు.

కాబట్టి మనమేం చెయ్యొచ్చు? ఒక ఇంట్లో 50 కిలోల పేడ ఈ రోజుల్లో కష్టం. మూడు నాలుగు గేదెలున్న ఇళ్లకే సాధ్యం. పక్కపక్కనున్న రెండు మూడు ఇళ్లు కలిస్తే కుదురుతుంది. గ్యాసు పంపకంలో పేచీలొస్తాయి, మాకూ తెలుసు. అందుకే పేడ తూకం ప్రకారం గంటలు పంచుకోవాలి, మడ్డి వంతులవారీగా తీసుకోవాలి. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లను తొట్టి మరమ్మతులో శిక్షణకు పంపితే పాతవి సగమైనా లేపొచ్చు. కొత్తది కట్టడానికి సబ్సిడీ అడుగుదాం. కానీ మేస్త్రీ లేని సబ్సిడీ మళ్లీ చెత్తకుండీలే కడుతుంది.

కరెంటు పొయ్యి మాటేమిటని కొందరు అడిగారు. ఒక సిలిండరు పనికి ఇండక్షన్ స్టవ్వు మీద 120, 130 యూనిట్లు అవుతాయి. మన రాష్ట్రంలో ఇళ్లకు 30 యూనిట్ల దాకా యూనిట్ 1.90, అక్కడినుంచి మెట్లు ఎక్కుతూ 225 దాటితే 8.75. నెలకు 70 యూనిట్లు వాడే ఇల్లు వంటా దాని మీదే చేస్తే పై మెట్టుకెక్కుతుంది. సిలిండరు పనికి ఆరేడు వందలు పడుతుంది. పైన ఇంధన సర్దుబాటు, ట్రూ అప్ అని వేసేవి వేరే. సిలిండరుతో పోలిస్తే తక్కువే, దాచేదేమీ లేదు. కరెంటు నిలకడగా ఉండే ఊళ్లో, ఉన్న స్టవ్వుకు తోడుగా పనికొస్తుంది. వోల్టేజీ లేక ఫ్యానే తిరగని ఊళ్లో పనికిరాదు.

ఈ కరెంటు బిల్లుకు మన రాష్ట్రంలో ఒక చరిత్ర ఉంది. 2000 ఆగస్టు 28న హైదరాబాదు బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపు మీద ఊరేగింపుగా వెళ్లినవారిపై కాల్పులు జరిగాయి. ముగ్గురు ప్రాణాలు పోయాయి. ఆ రోజు రోడ్డెక్కినవాళ్లలో మోటారు బిల్లు భయంతో వచ్చిన రైతులున్నారు, ఇంటి బిల్లు కట్టలేని బస్తీ జనమూ ఉన్నారు. 2004 మే 14న వ్యవసాయానికి ఉచిత కరెంటు సంతకం ఊరికే రాలేదు. మోటారు వంతు అప్పుడైంది. ఇప్పుడు పొయ్యి వంతు.

మన దేశం వాడే వంటగ్యాసులో దాదాపు 60 శాతం బయటనుంచి వచ్చేదే. గల్ఫ్‌లో ధర కదిలితే మన వంటింట్లో కదులుతుంది. ఇది మన చేతిలో లేదని ఢిల్లీ వాళ్లు చెబుతారు. బయట ధర తగ్గినప్పుడు మనకెందుకు అంత తగ్గలేదో మాత్రం చెప్పరు. రైతు ధాన్యానికి ప్రపంచ మార్కెట్ చూపిస్తారు, గ్యాసుకూ ప్రపంచ మార్కెట్ చూపిస్తారు. రెండుచోట్లా మనమే కింద.

ఈ సదస్సు ముందు పెడుతున్న తీర్మానంలో నాలుగు విషయాలున్నాయి. సబ్సిడీ సొమ్ము మినహాయించుకునే సిలిండరు ఇవ్వాలి, ముందు కట్టించుకుని తర్వాత వేసేది పోవాలి. ఊరి దాకా డెలివరీ ఇవ్వాలి, రసీదు మీద లేని పైసా తీసుకోకూడదు. డొంకలు, పోరంబోకు, చెరువు గట్ల కొలతలు తీసి బోర్డు పెట్టి, అక్కడ ఊరందరికీ కట్టె, మేత ఇచ్చే చెట్లు ఉపాధి పనుల్లో పెంచాలి. తుమ్మ, కానుగ, వేప వంటివి కావాలి, మిల్లుకు పోయే కర్ర వద్దు. నాలుగోది గోబర్ గ్యాసు మరమ్మతు శిక్షణ మండలానికొకచోట పెట్టాలి. మూడోదాని మీద కొందరు పెద్ద రైతులకు అభ్యంతరం ఉండొచ్చు, డొంక కలిపినవాళ్లు మన సంఘంలోనూ ఉన్నారు. ఉన్నారని ఆ అంశం తియ్యకూడదు. చర్చలో వాళ్లు లేచి మాట్లాడాలి, మనం వినాలి, తర్వాత కొలత గొలుసు పట్టుకోవాలి.

సర్వే కాగితాలు ప్రతి గ్రామ కమిటీకి ఇరవై చొప్పున తెచ్చాం, బల్ల మీద ఉన్నాయి. ఇంట్లో నెలకు ఎంత గ్యాసు, ఎన్ని మోపుల కట్టె, ఎన్ని గంటలు, ఎన్ని యూనిట్ల కరెంటు, ఎన్ని గొడ్లు, ఊళ్లో పాత గ్యాసు తొట్లు ఎన్ని, ఇవే ప్రశ్నలు. మోపుల, గంటల గడి మాత్రం ఇంటి యజమాని నింపకండి. కట్టె మోసే మనిషిని అడిగి, ఆమె చెప్పిన అంకె రాయండి. వచ్చే నెల కమిటీ సమావేశానికి నింపిన కాగితాలు తెస్తే, వాటిని పట్టుకునే కలెక్టరాఫీసుకు పోదాం. ఇక చర్చ మొదలుపెట్టండి. ముందు ఆ వెనక వరసలో కూర్చున్న అక్కలతో మొదలుపెడితే బాగుంటుంది.